శశిరేఖను గుర్తుపట్టలేకపోయాం

మాయాబజార్ (1957) తీసిన కె.వి.రెడ్డి మన తాడిపత్రి ఆయనే. ఆ సినిమాలో ఒక చోట ఘటోత్కచుడు శశిరేఖ వేషం వేసుకుంటాడు. చూడ్డానికి సన్నటి అమ్మాయి, కానీ నడక, చూపు, విసురు అన్నీ ఎస్.వి.రంగారావువే. కొండంత మనిషిని ఆ చిన్న ఒంట్లో చూపించింది సావిత్రి. అప్పటికి ఆమెకు పాతికేళ్లు కూడా లేవు.

ఆమెది గుంటూరు జిల్లా చిర్రావూరు. నెలల పిల్లగా ఉన్నప్పుడే తండ్రి పోయాడు. విజయవాడలో పెద్దమ్మ, పెదనాన్నల ఇంట్లో పెరిగింది. డాన్సు నేర్చుకుంది, నాటకాలు వేసింది, మద్రాసు రైలెక్కింది. మొదట్లో అన్నీ ఎదురుదెబ్బలే. పాతాళభైరవిలో (1951) దక్కింది ఒక్క డాన్సు. తర్వాత పెళ్లిచేసి చూడు, దేవదాసు వచ్చాయి. మిస్సమ్మలో (1955) భానుమతి వదులుకున్న పాత్ర చేతికందింది. ఇంక వెనక్కి చూడలేదు. తమిళంలోనూ అంతే పేరు. జెమినీ గణేశన్‌తో పెళ్లి, ఇద్దరు పిల్లలు. పాకిస్తాన్ యుద్ధం రోజుల్లో ఒంటిమీది నగలు తీసి దేశ రక్షణ నిధికి ఇచ్చేసింది. 1968లో చిన్నారి పాపలుకు తానే డైరెక్టర్. ఆ సినిమాకు పనిచేసిన వాళ్లలో ఎక్కువమంది ఆడవాళ్లే.

తర్వాత కథ మహానటి సినిమాలో చూశాం. మూగమనసులును తమిళంలో ప్రాప్తంగా (1971) తీసి నష్టపోయింది. సంసారం చెదిరింది. ఇన్‌కమ్‌టాక్స్ బాకీలు, తాగుడు, షుగర్. ఒళ్లు బాగా పెరిగింది. హీరోయిన్ వేషాలు ఆగిపోయాయి. జనం నటన గురించి మాట్లాడటం మానేసి నడుము గురించి మాట్లాడటం మొదలుపెట్టారు. ఒకప్పుడు ఎంత బాగుండేది అని జాలి పడినట్టే పడి, నవ్వుకున్నారు. ఆమె ఎందుకలా అయిందో అడిగినవాళ్లు తక్కువ.

ఇక్కడ ఒక లెక్క చూడండి. మిస్సమ్మలో ఆమె పక్కన హీరో ఎన్టీఆర్. 1977లో అడవి రాముడు నాటికి ఆయనకు 53. ఒళ్లు ఆయనకూ వచ్చింది. అయినా పక్కన జయప్రద, జయసుధ. ఆయన కంటే పదేళ్లకు పైగా చిన్నదైన సావిత్రికి మాత్రం 1979 గోరింటాకులో తల్లి వేషం. మగవాడి ఒళ్లు నిండుతనం, ఆడదాని ఒళ్లు తప్పు. రేలంగి బొద్దుగా ఉంటే ముద్దు, సావిత్రి లావైతే పతనం.

1980 మే నెలలో బెంగళూరులో ఆమె కోమాలోకి వెళ్లింది. పందొమ్మిది నెలలు అలాగే ఉండి, 1981 డిసెంబర్ 26న పోయింది. ఆ పడుకున్న మనిషి ఎముకల గూడైపోయింది. అప్పుడు మాత్రం లావని ఎవరూ అనలేదు.

సన్నటి ఒంట్లో ఘటోత్కచుడిని చూపిస్తే చప్పట్లు కొట్టినవాళ్లమే. పెద్ద ఒంట్లో అదే శశిరేఖ ఉంటే గుర్తుపట్టలేకపోయాం.

ఇదంతా ఇప్పుడెందుకు అంటారా? మనది 1952లో గంజి కేంద్రాల ముందు బారులు తీరిన సీమ. మా అవ్వ దృష్టిలో ఒళ్లు చేసిన పిల్లోడంటే కడుపునిండా తిన్న పిల్లోడు, అంతే. అట్లాంటి ఊళ్ల నుంచి వచ్చిన మనం హాస్టల్లో ఒకడికి ట్రాక్టర్ అని పేరు పెట్టినాం. పెట్టినవాళ్లలో నేనూ ఉన్నా. వాడు కూడా నవ్వేవాడు, కాబట్టి తప్పనిపించలేదు. ఈ సెమిస్టర్‌లో గమనించినా, సంగటి రోజు వాడు రెండో ముద్ద అడగడం మానేసినాడు. మేం లేచి వెళ్లినాక వచ్చి, ఒక్కడే కూర్చుని తింటాన్నాడు.

నిన్న రాత్రి వాడి పక్కన కూర్చున్నా. పేరు పెట్టి పిలిచినా, వాడి అసలు పేరు. ఒక క్షణం వాడికి అర్థం కాలేదు.