డీఐఆర్ కొడితే కనిపించని పేరు

మీ విండోస్ ల్యాప్‌టాప్‌లో స్టార్ట్ మెనూలోకి వెళ్లి సీఎండీ అని వెతకండి. నల్లటి విండో ఒకటి తెరుచుకుంటుంది. అందులో డీఐఆర్ అని మూడు ఇంగ్లిష్ అక్షరాలు కొట్టి ఎంటర్ నొక్కండి. మీరున్న ఫోల్డర్‌లో ఏమేం ఉన్నాయో వరసగా వచ్చేస్తాయి. ఏ ఫైల్ ఎప్పుడు మారింది, ఎన్ని బైట్లు ఉంది, దాని పేరేంటి... అన్నీ.

నా మొదటి ఇంటర్వ్యూలో అడిగింది ఇదే. మౌస్ ముట్టుకోకుండా, ఒక ఫోల్డర్‌లో ఉన్న వందలాది లాగ్ ఫైళ్లలో అన్నిటికంటే కొత్తది ఏదో చెప్పమన్నారు. నాలుగేళ్లు ఇంజినీరింగ్ చదివినవాణ్ని, ఆ నల్ల తెర ముందు చేతులు ఆడలేదు. ఉద్యోగం రాలేదు. ఇంటికొచ్చాక కసికొద్దీ ఆ కమాండ్ పుట్టుపూర్వోత్తరాలు వెతుకుతూ పోతే ఒక మనిషి దగ్గర ఆగాను. ఆయన పేరు గ్యారీ కిల్డాల్. ఒక్క రోజు చేజారిన అవకాశంతోనే లోకం గుర్తుపెట్టుకున్న మనిషి. కానీ ఆయన జీవితం ఆ ఒక్క రోజు కాదు.

లెక్కల మాస్టారు కావాలనుకుని...

కిల్డాల్ 1942 మే 19న అమెరికాలోని సియాటిల్‌లో పుట్టారు. వాళ్ల కుటుంబం నావికులకు ఓడ నడిపే విద్య నేర్పే బడి నడిపేది. ఈయన కూడా లెక్కల మాస్టారు అవుదామనే యూనివర్సిటీ ఆఫ్ వాషింగ్టన్‌లో చేరారు. అక్కడ కంప్యూటర్ పరిచయమైంది. ఇక దాన్ని వదల్లేదు.

వియత్నాం యుద్ధం నడుస్తున్న రోజులవి. సైనిక సేవ తప్పనిసరి కావడంతో కాలిఫోర్నియాలోని మాంటెరీలో ఉన్న నేవీ పోస్ట్‌గ్రాడ్యుయేట్ స్కూల్‌లో పాఠాలు చెప్పే పనిలో చేరారు. మరోవైపు 1972లో పీహెచ్‌డీ పూర్తి చేశారు. కంపైలర్ డిజైన్‌లో మీరు డేటా ఫ్లో అనాలసిస్ అని చదువుతారు కదా, దాని పునాదుల్లో 1973లో ఆయన రాసిన పేపర్ ఒకటి. అంటే ఆయన ఏదో అదృష్టం కలిసొచ్చి ఈ రంగంలోకి వచ్చినవారు కాదు. గట్టి చదువున్న మనిషి.

అప్పట్లోనే ఇంటెల్ మైక్రోప్రాసెసర్లు కొత్తగా మార్కెట్‌లోకి వచ్చాయి. ట్రాఫిక్ లైట్ల లాంటి చిన్న పరికరాలకు పనికొస్తాయని చాలామంది అనుకున్న ఆ చిప్‌లో కిల్డాల్‌కు పూర్తి కంప్యూటర్ కనిపించింది. ఇంటెల్‌కు కన్సల్టెంట్‌గా పనిచేస్తూ, ఆ చిప్‌ల కోసం పీఎల్/ఎం అనే ప్రోగ్రామింగ్ లాంగ్వేజ్ తయారుచేశారు.

ఫ్లాపీ ఉంది, జాబితా ఏది?

ఆ రోజుల్లో చిన్న కంప్యూటర్లకు ప్రోగ్రాములను చిల్లులు పొడిచిన కాగితపు టేపు మీద దాచేవారు. చదవడానికి నిమిషాలు పట్టేది, టేపు చిరిగితే పని మళ్లీ మొదటికే. అప్పుడే ఎనిమిది అంగుళాల ఫ్లాపీ డ్రైవ్ వచ్చింది. కిల్డాల్ ఒకటి సంపాదించారు కానీ, దాన్ని కంప్యూటర్‌కు కలిపే సర్క్యూట్ తయారుచేయడం ఆయన వల్ల కాలేదు. యూనివర్సిటీ స్నేహితుడు జాన్ టొరోడ్ ఆ కంట్రోలర్ చేసిపెట్టారు. 1974లో ఆ డ్రైవ్ మీద కిల్డాల్ రాసిన ఆపరేటింగ్ సిస్టమ్ పనిచేయడం మొదలుపెట్టింది. దాని పేరు సీపీ/ఎం.

ఆ ఫ్లాపీలో పట్టేది దాదాపు 250 కిలోబైట్లు. ఇప్పుడు వాట్సాప్‌లో వచ్చే ఒక్క ఫొటోకే అది చాలకపోవచ్చు. ఆ కాస్త చోటులో ఏ ఫైల్ ఎక్కడుందో ఎలా తెలుస్తుంది? కిల్డాల్ డిస్క్ మీద కొంత భాగాన్ని జాబితా కోసమే విడిగా ఉంచారు. ఒక్కో నమోదుకు 32 బైట్లు. మామూలు ఎనిమిది అంగుళాల డిస్క్‌లో అలాంటివి 64 పడతాయి. అంటే రెండు కిలోబైట్లలో మొత్తం జాబితా. ఆ 32 బైట్లలో ఫైల్ పేరుకు ఎనిమిది అక్షరాలు, ఫైల్ రకానికి మూడు అక్షరాలు. ఆ ఫైల్ డిస్క్‌లో ఏయే గడుల్లో ఉందో చెప్పే అంకెలు చివరి 16 బైట్లలో ఉంటాయి.

ఇప్పుడు డీఐఆర్ కొట్టారనుకోండి. సిస్టమ్ ఆ జాబితాను మొదటి నుంచి చదువుతుంది. ఒక్కో నమోదును మీరు అడిగిన పేరుతో పోలుస్తుంది. సరిపోతే తెర మీద చూపిస్తుంది, లేదంటే తర్వాతిదానికి వెళ్తుంది. పేరు పూర్తిగా తెలియకపోతే స్టార్ గుర్తు పెట్టొచ్చు. సిస్టమ్ ఆ స్టార్‌ను ప్రశ్నార్థకాలుగా మార్చుకుని, అక్కడ ఏ అక్షరం ఉన్నా సరే అనుకుంటుంది. ఫోల్డర్లు లేవు, తేదీలు లేవు, సైజు కావాలంటే వేరే కమాండ్. అయినా డిస్క్‌లో ఏముందో రెండు క్షణాల్లో తెలియడం అప్పటివాళ్లకు పెద్ద సంగతే.

నిజం చెప్పాలంటే డైరెక్టరీ చూపించే కమాండ్ కిల్డాల్ కనిపెట్టింది కాదు. డెక్ కంపెనీ పెద్ద కంప్యూటర్లలో అలాంటిది అప్పటికే ఉంది. దాన్ని ఎవరి టేబుల్ మీదైనా పట్టే చిన్న మిషన్‌కు తెచ్చిపెట్టడం ఆయన చేసిన పని. డ్రైవ్‌లను ఏ, బీ అని పిలవడం కూడా సీపీ/ఎం ద్వారానే పీసీల్లోకి వచ్చింది. మీ ల్యాప్‌టాప్‌లో హార్డ్ డిస్క్ సీతో ఎందుకు మొదలవుతుందో ఎప్పుడైనా ఆలోచించారా? ఏ, బీ రెండూ ఫ్లాపీలకు పోయాయి.

ఒకే సాఫ్ట్‌వేర్, వంద మిషన్లు

ఇంటెల్ సీపీ/ఎం మీద ఆసక్తి చూపలేదు. దాంతో కిల్డాల్, ఆయన భార్య డొరొతీ కలిసి పసిఫిక్ గ్రోవ్ అనే చిన్న ఊళ్లో సొంత కంపెనీ పెట్టారు. అదే డిజిటల్ రీసెర్చ్. వ్యాపార వ్యవహారాలు చాలావరకు డొరొతీయే చూసేవారు.

అక్కడ ఒక చిక్కు వచ్చింది. ఒక్కో కంపెనీ కంప్యూటర్ ఒక్కో రకంగా ఉండేది. కొత్త మిషన్ వచ్చినప్పుడల్లా సిస్టమ్ మొత్తం తిరగరాయాలా? కిల్డాల్ హార్డ్‌వేర్‌తో నేరుగా మాట్లాడే చిన్న భాగాన్ని విడదీసి, దానికి బయోస్ అని పేరుపెట్టారు. కొత్త మిషన్‌కు ఆ చిన్న ముక్క మార్చుకుంటే చాలు. మిగతాదంతా అలాగే నడుస్తుంది. వర్డ్‌స్టార్, డీబేస్ లాంటి ప్రోగ్రాములు రకరకాల కంపెనీల మిషన్ల మీద నడిచాయంటే కారణం ఇదే. మార్పు వచ్చేచోటును విడిగా పెట్టాలన్న ఈ సూత్రాన్ని మీరు ఏ సాఫ్ట్‌వేర్ ఇంటర్వ్యూలో చెప్పినా మార్కులు పడతాయి.

1980లో ఆ రోజు

1980లో ఐబీఎం తన పీసీ కోసం ఆపరేటింగ్ సిస్టమ్ వెతుక్కుంటూ పసిఫిక్ గ్రోవ్‌కు వచ్చింది. కిల్డాల్ సరదాగా విమానం నడుపుకుంటూ ఆ మీటింగ్ ఎగ్గొట్టారనీ, అలా కోట్లు పోగొట్టుకున్నారనీ ఒక కథ ప్రచారంలో ఉంది. ఆయన ఆ రోజు సొంత విమానంలో వెళ్లింది నిజమే. కానీ సరదాకు కాదు, ఒక కస్టమర్‌ను కలిసే పని మీద. ఈలోపు ఐబీఎం వాళ్లు గోప్యత ఒప్పందం మీద సంతకం అడిగారు. ఏకపక్షంగా ఉన్న ఆ కాగితం మీద సంతకానికి డొరొతీ వెంటనే ఒప్పుకోలేదు. తర్వాత ఏం జరిగిందన్నదాని మీద అందులో పాల్గొన్నవాళ్లే తలో మాట చెప్పారు. మొత్తానికి ఒప్పందం కుదరలేదు.

ఐబీఎం మైక్రోసాఫ్ట్ దగ్గరకు వెళ్లింది. సియాటిల్‌లో టిమ్ ప్యాటర్సన్ అనే ఇంజినీర్, సీపీ/ఎం ప్రోగ్రాములను తేలిగ్గా మార్చుకునేలా దాని పద్ధతులనే అనుసరిస్తూ ఒక సిస్టమ్ రాసి ఉన్నారు. మైక్రోసాఫ్ట్ దాన్ని కొనుక్కుంది. అదే డాస్ అయ్యింది. 1981 ఆగస్టులో ఐబీఎం పీసీ వచ్చింది. కిల్డాల్ అభ్యంతరం చెప్పాక ఐబీఎం ఆయన సిస్టమ్‌నూ అమ్మడానికి ఒప్పుకుంది. కానీ ధరలు చూడండి. డాస్ 40 డాలర్లు, కిల్డాల్‌ది 240 డాలర్లు. జనం దేన్ని కొని ఉంటారో వేరే చెప్పాలా?

ఆ తర్వాత కూడా...

ఆయన పని అక్కడితో ఆగిపోలేదు. 1983 నుంచి 1990 దాకా కంప్యూటర్ క్రానికల్స్ అనే టీవీ కార్యక్రమానికి సహ వ్యాఖ్యాతగా మామూలు జనానికి టెక్నాలజీ వివరించారు. 1985లో ఆయన పెట్టిన మరో కంపెనీ గ్రోలియర్ ఎన్‌సైక్లోపీడియా మొత్తాన్ని ఒక్క సీడీలోకి తెచ్చింది. 1991లో డిజిటల్ రీసెర్చ్‌ను నోవెల్ కంపెనీ కొనుక్కుంది. ఆయనకు డబ్బుకు లోటు లేదు.

లోటు మనసులో ఉండిపోయింది. ఎక్కడికెళ్లినా అదే విమానం కథ. 1992లో తాను చదివిన యూనివర్సిటీలో కంప్యూటర్ సైన్స్ విభాగం 25 ఏళ్ల వేడుక చేస్తే, అక్కడ పీహెచ్‌డీ చేసిన కిల్డాల్‌ను కాదని ప్రధాన ప్రసంగానికి బిల్ గేట్స్‌ను పిలిచారు. అది ఆయనను బాగా బాధించింది. తన వైపు కథ చెప్పుకోవడానికి ఒక పుస్తకం రాశారు, బతికుండగా అది అచ్చుకాలేదు. చివరి ఏళ్లలో తాగుడు సమస్య కూడా ఉంది. తలకు తగిలిన గాయంతో 1994 జులై 11న మాంటెరీలో కన్నుమూశారు. వయసు 52.

ఇరవై ఏళ్లకు, 2014లో, పసిఫిక్ గ్రోవ్‌లోని పాత కంపెనీ భవనం ముందు ఐఈఈఈ సంస్థ సీపీ/ఎం గుర్తుగా ఒక ఫలకం పెట్టింది. ఆయన రాసుకున్న పుస్తకంలో కొంత భాగాన్ని 2016లో కుటుంబం బయటపెట్టింది.

మీరు చేసి చూడండి

ఇప్పుడు మళ్లీ ఆ నల్ల విండోకు వద్దాం. డీఐఆర్ తర్వాత ఖాళీ వదిలి /ఏ పెడితే దాచిన ఫైళ్లూ కనిపిస్తాయి. /ఎస్ పెడితే లోపలి ఫోల్డర్లన్నీ వెతుకుతుంది. /బి పెడితే పేర్లు మాత్రమే వస్తాయి. /ఓ:-డి పెడితే కొత్త ఫైల్ అన్నిటికంటే పైన ఉంటుంది. ఆ రోజు నన్ను అడిగిన ప్రశ్నకు జవాబు ఇదే. లైనక్స్‌లో అయితే ఎల్ఎస్ అని కొట్టి, ఖాళీ వదిలి -ఎల్‌టీ పెట్టండి. అది యూనిక్స్ నుంచి వచ్చిన వేరే వంశం. ఇవి ఐదూ అరగంటలో వచ్చేస్తాయి. చదవడం కాదు, చేత్తో కొట్టి చూడండి.

ఒక్క విషయం చెప్పి ముగిస్తాను. సీపీ/ఎంలో ఫైల్ చెరిపేస్తే అందులోని సమాచారం వెంటనే పోదు. జాబితాలో ఆ నమోదు మొదటి బైటును మార్చి, ఇది లేదనుకో అని గుర్తు పెడతారంతే. మరో ఫైల్ ఆ చోటును ఆక్రమించేదాకా అసలు సరుకు డిస్క్‌లోనే ఉంటుంది. డాస్ కూడా అదే గుర్తును వాడుకుంది. మన పెన్‌డ్రైవ్‌లు చాలావాటిలో ఇప్పటికీ అదే పద్ధతి. పొరపాటున డిలీట్ చేసిన ఫొటోలు చాలాసార్లు వెనక్కి తేగలగడం అందుకే.

కిల్డాల్ విషయంలోనూ జరిగింది అదే అనిపిస్తుంది నాకు. విజేతల జాబితాలోంచి పేరు పోయింది, చేసిన పని మాత్రం మన మిషన్లలో ఉంది. ఒక ఇంటర్వ్యూ పోయిందని, ఒక ఆఫర్ చేజారిందని ఈ వారం ఎవరైనా దిగులుగా ఉంటే ఆయన జీవితాన్ని రెండు వైపుల నుంచీ చూడండి. ఆ ఒక్క రోజు ఆయన పనిని తగ్గించలేకపోయింది. కానీ ఆ రోజును మర్చిపోలేకపోవడం ఆయన మనశ్శాంతిని తినేసింది. మొదటిది మనకు ధైర్యం, రెండోది హెచ్చరిక. నేను ఆ ఇంటర్వ్యూ పోయిన నాలుగు నెలలకు ఇంకోచోట చేరాను. అక్కడ మొదటి రోజు నా చేతికిచ్చింది నల్ల తెరే.