నడక వేగంతో 42 కొండలు

నలభై దాటాక పరుగు మన వల్ల కాదని మీరు అనుకుంటున్నారా? అయితే బాబ్ గ్రాహమ్ గురించి తెలుసుకోండి. ఆయన వృత్తిరీత్యా క్రీడాకారుడు కాదు. ఇంగ్లండ్‌లోని కెస్విక్ అనే చిన్న ఊళ్లో అతిథిగృహం నడుపుకొనే వ్యక్తి. నలభై దాటిన వయసులో ఆయన ఒక్క రోజులో 42 కొండ శిఖరాలు ఎక్కి దిగారు. కొండదారుల్లో పరుగెత్తేవాళ్లకు ఆ దారి నేటికీ ఒక పరీక్షే.

రోడ్డు మీద కాకుండా మట్టిబాటల్లో, అడవుల్లో, కొండల మీద పరుగెత్తడమే ట్రెయిల్ రన్నింగ్. కెస్విక్ ఉన్న లేక్ డిస్ట్రిక్ట్‌లో కొండల్ని ఫెల్స్ అంటారు. అందుకే అక్కడ దీనికి ఫెల్ రన్నింగ్ అని పేరు. ఇరవై నాలుగు గంటల్లో ఎన్ని శిఖరాలు చుట్టి రాగలమన్న పోటీ అక్కడ పాతదే. 1905లో ఆర్థర్ వేక్‌ఫీల్డ్ అనే వైద్యుడు అలా ఒక రికార్డు నెలకొల్పారు. 1922లో ఎవరెస్ట్ ఎక్కడానికి వెళ్లిన బ్రిటిష్ బృందంలోనూ ఆయన ఉన్నారు.

ఆ ఒక్క రోజు

గ్రాహమ్ 1889లో పుట్టారు. ఆ కొండలన్నీ ఆయనకు కొట్టిన పిండి. 1932 జూన్ 13న అర్ధరాత్రి దాటాక ఒంటి గంటకు కెస్విక్ నడిబొడ్డున ఉన్న మూట్ హాల్ నుంచి బయలుదేరారు. స్కిడ్డా, హెల్వెల్లిన్‌లతో పాటు 978 మీటర్లతో ఇంగ్లండ్‌లోకెల్లా ఎత్తయిన స్కాఫెల్ పైక్ కూడా ఆయన దారిలోనే ఉంది. కాళ్లకు టెన్నిస్ బూట్లు, పొడవాటి నిక్కరు, ఒంటి మీద పైజమా చొక్కా. తిండి అంటారా? రొట్టె, వెన్న, పూర్తిగా ఉడకని గుడ్డు, పండ్లు, మిఠాయిలు. మిత్రులు అక్కడక్కడా తోడు నడిచారు. 23 గంటల 39 నిమిషాలకు తిరిగి మూట్ హాల్ చేరుకున్నారు.

నేటి లెక్కల్లో ఆ దారి సుమారు 66 మైళ్లు, అంటే 106 కిలోమీటర్లు. ఎక్కిన ఎత్తు మొత్తం కలిపితే దాదాపు 8,200 మీటర్లు. ఆ రికార్డు 28 ఏళ్లు నిలిచింది. 1960లో అలాన్ హీటన్ దాన్ని దాటారు. గ్రాహమ్ 1966లో కన్నుమూశారు. 1971లో ఆయన పేరిట క్లబ్ ఏర్పడింది. ఆ 42 శిఖరాలను 24 గంటల్లో చుట్టి వచ్చినవాళ్లకే అందులో సభ్యత్వం. ఇప్పటికి రెండు వేలకు పైగా మంది ఆ పని చేశారు.

ఇప్పుడు చిన్న భాగహారం చేయండి. 106 కిలోమీటర్లను ఆయనకు పట్టిన సమయంతో భాగిస్తే గంటకు నాలుగున్నర కిలోమీటర్లు వస్తుంది. అది మీరు పార్కులో మామూలుగా నడిచే వేగమే! ఎత్తు వచ్చినప్పుడు నడవడం, వీలున్నచోట పరుగెత్తడం, ఎక్కువసేపు ఆగకపోవడం... కొండదారి పరుగు రహస్యం ఇంతే. ఇందులో నడక ఓటమి కాదు, సగం ఆట అదే.

శరీరానికి ఏం జరుగుతుంది?

సమతలమైన రోడ్డు మీద ప్రతి అడుగూ ఒకేలా పడుతుంది. మట్టిబాటలో అలా కాదు. రాయి, వేరు, గుంత, ఇలా ఒక్కో అడుగూ ఒక్కోలా పడుతుంది. చీలమండ చుట్టూ ఉన్న చిన్న కండరాలకు, శరీరం తూలకుండా నిలిపే వ్యవస్థకు పని దొరుకుతుంది. తర్వాతి అడుగు ఎక్కడ వేయాలో చూసుకోవడంలో మనసు మునిగిపోతుంది. ఆఫీసు గొడవలు, ఇంటి ఈఎంఐలు కాసేపు గుర్తుకు రావు. చాలామందిని మళ్లీ మళ్లీ కొండకు రప్పించేది ఇదే.

ఎక్కేటప్పుడు గుండెకు, ఊపిరితిత్తులకు శ్రమ. దిగేటప్పుడు తొడ ముందు కండరాలకు శ్రమ. దిగుతున్నప్పుడు ఆ కండరం సాగుతూనే శరీర బరువును ఆపాలి. అందుకే నొప్పి వెంటనే కాక, ఒకటి రెండు రోజుల తర్వాత బాగా తెలుస్తుంది. అలవాటైన కొద్దీ అది తగ్గుతుంది.

మీరు మొదలుపెట్టాలంటే

గ్రాహమ్ ఒక్క రోజులో చేసింది చూసి మోసపోకండి. దాని వెనక ఏళ్ల తరబడి కొండల్లో తిరిగిన అలవాటుంది. మీరు వారానికి రెండుసార్లు, అరగంట చొప్పున మట్టిబాటలో నడకతో మొదలుపెట్టండి. కొన్ని వారాలయ్యాక సమతలంలో నెమ్మదిగా పరుగు కలపండి. పక్కవాళ్లతో మాట్లాడగలిగేంత వేగం చాలు. ఎక్కేటప్పుడు నడవండి. దిగేటప్పుడు చిన్న చిన్న అడుగులు వేయండి. పట్టు ఉన్న బూట్లు వేసుకోండి.

బీపీ, షుగర్, గుండె జబ్బు ఉన్నా, ఇంట్లో చిన్న వయసులో గుండెపోటు వచ్చినవాళ్లు ఉన్నా, ముందు డాక్టరుకు చూపించుకోండి. ఇన్సులిన్ తీసుకునేవాళ్లు జేబులో చక్కెర ఉంచుకోవాలి. ఎండాకాలంలో సూర్యోదయం వేళకే వెళ్లి, ఎండ ముదరకముందే తిరిగి వచ్చేయండి. ఒంటరిగా వెళ్లొద్దు. ఏ దారిన వెళ్తున్నారో ఇంట్లో చెప్పండి. పాము కాటేస్తే గాయం కోయడం, గట్టిగా కట్టు బిగించడం వద్దు. ఆ కాలో చెయ్యో కదలకుండా ఉంచి, విషానికి విరుగుడు ఉన్న ఆసుపత్రికి వెంటనే చేరాలి.

ఛాతీలో పట్టేసినట్టున్నా, కళ్లు తిరిగినా అక్కడే ఆగిపోయి సాయం కోరండి. ఎక్కువ శ్రమ తర్వాత మూత్రం కోలా రంగులో వస్తే కండరం దెబ్బతిని, కిడ్నీలకు ముప్పు ఉందని అర్థం. అదే రోజు ఆసుపత్రికి వెళ్లాలి.

గ్రాహమ్ తిరిగిన కొండలు ఇప్పటికీ అక్కడే ఉన్నాయి. మీ ఊరి కొండ కూడా ఎక్కడికీ పోదు. ఈ నెలలో సగం వరకు వెళ్లి తిరిగి వచ్చినా చాలు.