వలస వచ్చి బడి కట్టిన లెక్కల మాస్టారు

ఉన్న పని పోయి, పెళ్లాం పిల్లల్తో పరాయి దేశంలో మళ్లీ మొదట్నుంచి మొదలుపెట్టడం ఎంత కష్టమో మనకి వేరే చెప్పక్కర్లేదు. లెక్కల మాస్టారు రిచర్డ్ కూరాంట్ ఆ పని 46 ఏళ్ల వయసులో చేశారు.

ఆయన 1888లో, అప్పటి జర్మనీలోని లుబ్లినిట్జ్ అనే చిన్న ఊళ్లో యూదు కుటుంబంలో పుట్టారు. తండ్రి వ్యాపారం దెబ్బతింది. 14 ఏళ్లకే ట్యూషన్లు చెప్పి తన ఖర్చులు తనే చూసుకున్నారు. గోటింగెన్‌లో చదివి, తర్వాత అక్కడి గణిత సంస్థకే పెద్ద అయ్యారు. దానికి నిధులు తెచ్చి 1929లో కొత్త భవనం కట్టించారు. మొదటి ప్రపంచ యుద్ధంలో జర్మనీ తరఫున పోరాడి గాయపడ్డారు కూడా. అయినా 1933లో హిట్లర్ ప్రభుత్వం ఆయన్ని పక్కన పెట్టేసింది. ఏడాదిపాటు ఇంగ్లండులో ఉండి, 1934లో న్యూయార్క్ విశ్వవిద్యాలయానికి వచ్చారు.

అక్కడ అప్పటికి గణిత పరిశోధన పెద్దగా లేదు. కానీ ఆ నగరంలోని వలస కుటుంబాల పిల్లల్లో తెలివికి కొదవ లేదని ఆయన కనిపెట్టారు. వాళ్ల కోసమే బడి కట్టడం మొదలెట్టారు. జర్మనీలో తన దగ్గర పనిచేసిన ఫ్రీడ్రిక్స్ 1937లో వచ్చి కలిశారు.

ఆయన నేర్పింది పనికొచ్చే లెక్క. గాలి, నీటి అలల కదలికను లెక్కగట్టడానికి జాగాని గళ్లుగా, కాలాన్ని అంగలుగా విడగొడతారు. గడి చిన్నదైతే అంగ కూడా చిన్నది కావాలి. ఒక్క అంగలో అల చాలా గళ్లు దాటేస్తే లెక్క చెడిపోతుంది. ఫ్రీడ్రిక్స్, లేవీలతో కలిసి కూరాంట్ ఈ సంగతి 1928లోనే చెప్పారు. అప్పటికి నేటి కంప్యూటర్లు లేవు. ఇప్పుడు వాతావరణాన్ని కంప్యూటర్ మీద లెక్కగట్టేవాళ్లు ఈ నియమాన్ని చూసుకోక తప్పదు.

శిష్యుల విషయంలో ఆయనకి ఓ పద్ధతి ఉండేది. ముందు చేతికి పని ఇచ్చేవారు, ఆ పనిలోనే చదువు సాగేది. క్యాథలీన్ మొరావెట్జ్‌కి తను, ఫ్రీడ్రిక్స్ రాస్తున్న పుస్తకాన్ని సరిదిద్దే పని ఇచ్చారు. పిల్లల్ని పెంచుకుంటూనే ఆమె 1951లో డాక్టరేట్ తీసుకున్నారు. 1984లో అదే సంస్థకి అధిపతి అయ్యారు. హంగరీ నుంచి 15 ఏళ్లకే శరణార్థిగా వచ్చిన పీటర్ లాక్స్ కూడా ఈ నీడనే పెరిగి, ఆ కుర్చీలో కూర్చున్నారు.

1964లో సంస్థకి కూరాంట్ పేరు పెట్టారు. 1972 జనవరిలో ఆయన కన్నుమూశారు. 1963లో మన దేశం నుంచి అక్కడికి వెళ్లిన శ్రీనివాస వరదన్‌కి 2007లో ఆబెల్ బహుమతి వచ్చింది.

తనని ఒక దేశం గెంటేస్తే, ఇంకో దేశంలో పదిమందికి తలుపు తెరిచారు కూరాంట్. మనలో పని తెలిసినోళ్లు కూడా, కొత్తగా వచ్చిన కుర్రాడికి ముందు పని నేర్పించండి. వాడు మనకంటే పైకి వెళ్తే సంతోషించండి.