కారణాంకాల లెక్క, ఒక జీవితం

విశాఖపట్నం వెళుతూ మార్గమధ్యంలో రాయపూర్‌లో ఒక రోజు ఆగవలసి వచ్చింది. రైల్వే ఉద్యోగరీత్యా అక్కడ స్థిరపడిన మా పినతండ్రిగారి కుమారుని ఇంట బస. వారి అబ్బాయి గణిత ఒలింపియాడ్‌కు తయారవుతున్నాడు. పెదనాన్నకు పరీక్ష పెట్టాలని బుద్ధి పుట్టింది కాబోలు, ఒక లెక్క నా ముందుంచాడు. సరిగ్గా 24 కారణాంకాలు గల సంఖ్యలలో మిక్కిలి చిన్నది ఏది? ఆ కారణాంకాలన్నిటి మొత్తమెంత? సభలో ఓట్ల లెక్కింపు తప్ప అన్యమెరుగని నేను వెంటనే ఓటమి అంగీకరించాను.

కుర్రవాడే చేసి చూపాడు. మూడు రెళ్లు, రెండు మూళ్లు, ఒక అయిదు, వీటన్నిటి లబ్ధం 360. ఒక్కొక్క ఘాతానికి ఒకటి కలిపితే వచ్చే 4, 3, 2 లను గుణిస్తే 24. మొత్తానికీ దారి అటువంటిదే. 1, 2, 4, 8 కూడితే 15. 1, 3, 9 కూడితే 13. 1, 5 కూడితే 6. ఈ మూడింటి లబ్ధం 1170.

తనకంటె చిన్నవైన సంఖ్యలన్నిటికంటె ఎక్కువ కారణాంకాలు గల 360 వంటి సంఖ్యలకు ఒక శాస్త్రమే నిర్మించినవారు శ్రీనివాస రామానుజన్. 1887 డిసెంబరు 22న ఈరోడ్‌లో జన్మించి, కుంభకోణంలో పెరిగారు. గణితంపై వ్యామోహంలో ఇతర విషయాలను విస్మరించి, కళాశాలలో ఉపకార వేతనం పోగొట్టుకున్నారు. ఆయనను దెబ్బ తీసిన వాటిలో ఇంగ్లీషు ఒకటి. అదే ఇంగ్లీషు నాకు పట్టాను, తరువాత అన్నాన్ని పెట్టిందని తలచుకుంటే ఒకింత సిగ్గు కలుగుతుంది. 1905లో ఇంట చెప్పకుండా ఆయన పారిపోయి వచ్చింది మన విశాఖపట్నానికే. అనంతరం మద్రాసులో మరల చదివినా ఎఫ్.ఏ. గట్టెక్కలేదు.

1910లో నోటుపుస్తకాలు చంకన పెట్టుకొని నెల్లూరు కలెక్టరు ఆర్. రామచంద్రరావును ఆశ్రయించడం ఆయన జీవితంలో మలుపు. రావుగారు గణితాభిమాని. మొదట సందేహించినా, తరువాత కొంతకాలం నెలకు పాతిక రూపాయలు స్వయంగా ఇచ్చి పోషించారు. 1912లో మద్రాసు పోర్టు ట్రస్టులో ముప్పది రూపాయల గుమాస్తా కొలువు దొరికింది. మరుసటి సంవత్సరం కేంబ్రిడ్జిలోని హార్డీకి వ్రాసిన లేఖ, 1914 మార్చిలో ఓడ ప్రయాణం లోకవిదితాలే.

1915లో ఆ సంఖ్యలపై సుదీర్ఘ వ్యాసం లండన్ గణిత సంఘం పత్రికలో వెలువడింది. స్వదేశంలో ఎఫ్.ఏ. తప్పిన వ్యక్తికి మరుసటి ఏడు కేంబ్రిడ్జి పట్టా ఇచ్చింది ఈ పరిశోధనకే. అయితే వ్యాసం పూర్తిగా అచ్చు కాలేదు. యుద్ధకాలపు ధనాభావంతో సంఘం కొంత భాగాన్ని నిలిపివేసింది. విడిచిపెట్టినది సామాన్యమైన భాగం కాదు. ఒక సంఖ్య కారణాంకాల మొత్తం ఎంతవరకు పెరగగలదో, 1859 నాటి రీమన్ ఊహ సత్యమనుకొని, అందులో ఆయన హద్దు కట్టారు. 1984లో ఫ్రెంచి గణితవేత్త రోబిన్ మరొక అడుగు వేశారు. 5040 దాటిన సంఖ్యలన్నీ అటువంటి హద్దుకు లోబడితే రీమన్ ఊహ నిజమైనట్లే, ఒక్కటి మీరినా అబద్ధమైనట్లే. 5040కి కారణాంకాలు 60, వాటి మొత్తం 19344. ఇది హద్దు మీరిన కడపటి సంఖ్యగా తెలిసినది. రీమన్ ఊహ మాత్రం నేటికీ తేలలేదు.

1918లో రాయల్ సొసైటీ, ట్రినిటీ కళాశాల ఫెలోషిప్‌లు లభించేనాటికే ఆయన ఆరోగ్యం క్షీణించింది. శాకాహార నియమం, యుద్ధకాలపు కరవు, చలి అన్నీ ఏకమైనాయి. 1919లో తిరిగి వచ్చి, 1920 ఏప్రిల్ 26న మద్రాసులో ముప్పది రెండేళ్లకే పరమపదించారు. పడకమీద సైతం లెక్కలు మానలేదు. ఆయన జన్మదినాన్ని జాతీయ గణిత దినంగా భారత ప్రభుత్వం ప్రకటించినది 2011లో. ఢిల్లీ తీరికను ఇంతకాలంగా చూస్తున్న నాకు ఇందులో ఆశ్చర్యం లేదు.

ఆయన సతీమణి జానకమ్మ కుట్టుపనితో పొట్టపోసుకొని, డెబ్బది నాలుగేళ్ల వైధవ్యం అనుభవించి, 1994లో మద్రాసులో కన్నుమూశారు. 1915లో విడిచిపెట్టిన ఆ పుటలు ఆయన పేరిట నెలకొన్న రామానుజన్ జర్నల్‌లో అచ్చయినది 1997లో.