డాక్టరు హార్వే వైలీ

అంగడిలో కొన్న సరకు మోసపు సరకైనచో తప్పు అమ్మినవానిదా, చూచుకొనక కొన్నవానిదా? ఇంగ్లాండులోను, అచ్చటినుండి న్యాయశాస్త్రమును తెచ్చుకొన్న అమెరికాలోను, కొనువాడే కన్నులు తెరచుకొని కొనవలెననుట పాత న్యాయము. సామాన్యజనులును అట్లే తలంచుచుండిరి. మోసపోయినవానిని చూచి నవ్వుటయేగాని జాలిపడుట తక్కువ. గుఱ్ఱమును కొనువాడు దాని పండ్లు చూడవచ్చును. బట్టను కొనువాడు దానిని వెలుతురునకెత్తి చూడవచ్చును. మూత బిగించిన డబ్బాలోని పదార్థమును ఎట్లు చూడగలడు? ఈ ప్రశ్నను అమెరికా దేశముచేత వినిపించుకొనజేసినవాడు డాక్టరు హార్వే వాషింగ్టన్ వైలీ.

ఈయన 1844 వ సంవత్సరము అక్టోబరు 18 వ తేదీని ఇండియానా రాష్ట్రమున కెంట్ అను పల్లెకు సమీపమున, దుంగలతో కట్టిన యొక చిన్న ఇంటిలో జన్మించెను. తండ్రి సేద్యము చేయుచు మతబోధకుడుగా కూడ నుండెను. బానిసత్వమన్న ఆయనకు గిట్టదు. హార్వే హానోవరు కళాశాలలో చదువుచుండగా అంతర్యుద్ధము సాగుచుండుటచే 1864 లో కొన్ని నెలలు సైన్యమున పనిచేసి, తిరిగి వచ్చి 1867 లో పట్టమునందెను. పిమ్మట వైద్యపట్టమును, హార్వర్డు పట్టమును సంపాదించి, 1874 లో క్రొత్తగ తెరువబడిన పర్డ్యూ విశ్వవిద్యాలయమునకు రసాయనశాస్త్రాచార్యుడయ్యెను. అచ్చట విద్యార్థులతో కలిసి బేస్‌బాల్ ఆడుటయు, పెద్ద చక్రముగల సైకిలు నెక్కి వీథులలో తిరుగుటయు ఆచార్యునకు తగని పనులని పాలకవర్గమువారు ఆయనను పిలిపించి మందలించిరట. మన పాఠశాలలోని పిల్లలకు ఈ సంగతి రుచించును గనుక వ్రాయుచున్నాను.

1878 లో ఆయన జర్మనీకి పోయి బెర్లినులో హాఫ్‌మన్ అను ప్రసిద్ధ రసాయనవేత్త ఉపన్యాసములను వినెను. ఆ దేశమున ఆహారపదార్థములను పరీక్షించుట ప్రభుత్వము తన పనిగా నెంచుచుండెను; 1879 లో అందుకై శాసనము కూడ పుట్టెను. ఇంగ్లాండు సైతము 1875 నాటికే పాతన్యాయమును కొంత విడిచి ఆహారౌషధ విక్రయ శాసనమును చేసికొనియుండెను. అమెరికా సమాఖ్యకు మాత్రము దేశమంతటికి వర్తించు అట్టి శాసనము లేదు. వైలీ బెర్లినులో చక్కెర ద్రవముగుండ కాంతిని పోనిచ్చి దాని జాతిని తెలిసికొను యంత్రముతో పనిచేయ నేర్చి స్వదేశమునకు తిరిగి వచ్చెను.

అప్పుడు ఇండియానా ఆరోగ్యసంఘమువారు అంగళ్లలోని పాకములను, తేనెను పరీక్షింపుమని ఆయనను కోరిరి. వానిలో పెక్కింట మొక్కజొన్న పిండినుండి తీసిన గ్లూకోజు కలిసియున్నట్లు తేలెను. ఇచ్చట గమనింపవలసిన విషయమొకటి కలదు. గ్లూకోజు విషమని ఆయన చెప్పలేదు. అది మంచి ఆహారమేయనియు, మొక్కజొన్న పండించు దేశమునకు లాభకరమనియు మెచ్చుకొనెను. దానిని తేనెయను పేరుతో తేనె వెలకు అమ్ముట అన్యాయమనుటయే ఆయన వాదము. కడుపునకు కీడు లేకపోయినను మోసము మోసమే. ఆయన జీవితమందలి ముఖ్యమైన తలంపు ఇదియేయని నాకు తోచుచున్నది.

1883 లో వైలీ వాషింగ్టను నగరమున వ్యవసాయశాఖకు ప్రధాన రసాయనవేత్తగా వెళ్లెను. 1887 మొదలుకొని వెన్న, మసాలా దినుసులు, కాఫీ, డబ్బా కూరలు మొదలగువానిలోని కల్తీని గూర్చి వరుసగా గ్రంథములు ప్రకటించెను. శాసనమునకై ముసాయిదాలు మాటిమాటికి కాంగ్రెసునకు వచ్చుటయు, వర్తకుల పలుకుబడిచే మూలబడుటయు జరుగుచుండెను.

1902 లో ఆయన యొక సాహసకార్యమునకు పూనుకొనెను. పండ్రెండుగురు యువకులు తమంతట తాము ముందునకు వచ్చి, ఆయన కార్యాలయపు నేలమాళిగలో భోజనము చేయుటకు సమ్మతించిరి. ఆ భోజనమున, మాంసమును వెన్నను నిలువయుంచుటకు వర్తకులు వాడుచుండిన వెలిగారమును కొలతప్రకారము పెట్టుచుండిరి. తరువాత సాలిసిలిక్ ఆమ్లము, బెంజోయేటు, ఫార్మాల్డిహైడు మున్నగునవి వచ్చినవి. తినినదెల్ల తూచి, వారి బరువును నాడిని వ్రాసికొనుచుండిరి. భోజనము తప్ప జీతము లేదు. పత్రికలవారు వీరికి విషదళమని పేరు పెట్టిరి. ఆ ద్రవ్యములు తినని మఱియొక జట్టును ప్రక్కన నుంచి పోల్చి చూడకపోవుట ఈ పరీక్షలలోని లోపము. నేటి శాస్త్రము వానిని పూర్తిగ అంగీకరింపదు. కాని దేశమంతయు తన పళ్లెములో నేమున్నదని అడుగ మొదలిడెను. స్త్రీల సంఘములు ఊరూర ఈ పక్షమున పనిచేసినవి. 1906 లో అప్టన్ సింక్లెయిర్ వ్రాసిన జంగిల్ అను నవల మాంసశాలల మురికిని బయటపెట్టెను. ఆ సంవత్సరము జూను 30 వ తేదీని అధ్యక్షుడు థియొడోర్ రూజ్‌వెల్టు శుద్ధాహారౌషధ శాసనముపై సంతకము చేసెను.

ఆ శాసనము ప్రకారము కల్తీ సరకును, అబద్ధపు చీటీ అంటించిన సరకును ఒక రాష్ట్రమునుండి మఱియొకదానికి పంపరాదు. మందులలో మద్యము, నల్లమందు, కొకెయిను వంటివి ఎంతయున్నవో చీటీపై తెలుపవలెను. మన తెలుగు జిల్లాలు చేరియుండిన మద్రాసు రాజధానికి ఇట్టి శాసనము 1918 లోను, భారతదేశమంతటికి 1954 లోను కలిగినవి.

శాసనము చేయుటకన్న నడపుట కష్టమయ్యెను. 1908 లో జరిగిన సంగతిని వైలీ స్వయముగ వ్రాసికొనెను. రూజ్‌వెల్టు సమక్షమున ఒక వర్తకుడు, డబ్బాలలోని మొక్కజొన్నకు చక్కెరకు బదులు శాకరిన్ కలిపి వేలకొలది డాలర్లు మిగుల్చుకొంటినని చెప్పెను. తినువారందఱు చక్కెర తినుచున్నామనుకొని మోసపోవుచున్నారని వైలీ అడ్డుతగిలెను. అంతటితో నిలిచియున్నచో ఆయన మాటకు ఎదురుండెడిది కాదు. అది దేహమునకు హానికరమని కూడ చేర్చెను. అధ్యక్షునకు ఆయన వైద్యుడు ప్రతిదినము శాకరిన్ ఇచ్చుచుండెను! రూజ్‌వెల్టు కోపించి, వైలీ తీర్పులను సరిచూచుటకు వేఱొక పండితసంఘమును నియమించెను. బెంజోయేటు కొలదిగ వాడినచో హాని లేదని ఆ సంఘము తేల్చెను; ఈ విషయమున వారిదే సరియైనది.

1911 లో అత్యున్నత న్యాయస్థానము, మందు రోగమును కుదుర్చునని చీటీపై వ్రాసిన అబద్ధము ఈ శాసనమునకు లోబడదని తీర్పు చెప్పెను. ఆ యేడే, ఒక నిపుణునకు నిర్ణయమునకు మించి జీతమిచ్చెనని వైలీపై నేరము మోపిరి. అధ్యక్షుడు టాఫ్టు ఆయనను నిర్దోషిగ తేల్చినను, చేతులు కట్టివేయబడిన ఉద్యోగమున నుండ నిష్టపడక, 1912 మార్చిలో రాజీనామా ఇచ్చెను.

అటుపిమ్మట గుడ్ హౌస్‌కీపింగ్ అను గృహిణుల పత్రికవారి ప్రయోగశాలలో సరకులను పరీక్షించుచు గడపెను. 1930 జూను 30 వ తేదీని, శాసనమునకు సరిగ ఇరువదినాలుగేండ్లు నిండిన దినమున, వైలీ స్వర్గస్థుడయ్యెను. ఔషధముల చీటీలపై అబద్ధములాడుటను గట్టిగ నిషేధించిన క్రొత్త శాసనము ఆయన మరణించిన ఎనిమిదేండ్లకు, 1938 లో, అమెరికాలో చేయబడెను.