అద్నాన్ మెండెరెస్: ప్రజలు అడగాల్సిన లెక్క సైన్యం అడిగింది

టర్కీలోని ఇజ్మీర్ నగరానికి వెళ్లే విమానాలు దిగే విమానాశ్రయం పేరు అద్నాన్ మెండెరెస్. ఆయన సొంత జిల్లా అయ్‌దిన్‌లో ఉన్న విశ్వవిద్యాలయానికీ అదే పేరు. ఇస్తాంబుల్‌లో పెద్ద రోడ్డు పక్కన ఆయన మక్బరా ఉంది. ఆ రోడ్డుకి కూడా ఇప్పుడు ఆయన పేరే. ఇదే మనిషిని ఇదే దేశం 1961 సెప్టెంబర్ 17న ఒక ద్వీపం మీద ఉరి తీసింది.

పదేళ్లు ప్రధానమంత్రిగా ఉన్నాడు. వరసగా మూడు ఎన్నికలు గెలిచాడు. ఆయన్ని షహీద్ అని తలచుకుని ఫాతిహా చదివేవాళ్లు టర్కీలో ఇప్పటికీ ఉన్నారు. ఓట్లతో గెలిచి, ఆ ఓట్ల బలంతోనే ఎదుటివాళ్ల నోరు నొక్కాడనేవాళ్లూ తక్కువేం కాదు. రెండు మాటల్లోనూ నిజం ఉంది. ఆయన మంచిని, చెడుని ఒకే తక్కెడలో వేసి తూచే పని ప్రజలది. ఆ పని పూర్తికాకముందే ఫౌజ్ వచ్చి తక్కెడ లాక్కుంది.

జమీందారు బిడ్డ

మెండెరెస్ 1899లో అయ్‌దిన్ ప్రాంతంలో బాగా భూములున్న కుటుంబంలో పుట్టాడు. చిన్నప్పుడే తల్లీ తండ్రీ పోయారు. అవ్వ పెంచింది. ఇజ్మీర్‌లోని అమెరికన్ కాలేజీలో చదువుకున్నాడు. మొదటి ప్రపంచయుద్ధం తర్వాత గ్రీకు సైన్యం ఆ ప్రాంతాన్ని ఆక్రమించుకున్నప్పుడు దానికి ఎదురు పోరాడాడు, అందుకు పతకం కూడా వచ్చింది. ఆ చుట్టుపక్కల పొలాలను తడిపే నది పేరు మెండెరెస్. టర్కీలో అందరూ ఇంటిపేరు పెట్టుకోవాలని చట్టం వచ్చాక ఆయన ఆ నది పేరునే ఇంటిపేరు చేసుకున్నాడు.

1931లో అతాతుర్క్ స్థాపించిన రిపబ్లికన్ పీపుల్స్ పార్టీ తరఫున పార్లమెంటుకి వెళ్లాడు. అప్పట్లో దేశంలో ఉన్నది ఆ ఒక్క పార్టీనే. ఎంపీగా ఉంటూనే అంకారాలో లా చదువు పూర్తి చేశాడు. దాదాపు పదిహేనేళ్లు వెనక బెంచీల్లోనే గడిచిపోయాయి. 1945లో ప్రభుత్వం భూసంస్కరణల బిల్లు తెచ్చింది. జమీందారు అయిన మెండెరెస్ దాన్ని గట్టిగా వ్యతిరేకించాడు. అదే ఏడాది జూన్‌లో జలాల్ బయార్, ఫువాద్ కొప్రులు, రఫీక్ కొరాల్తాన్‌లతో కలిసి, పార్టీలోనూ దేశంలోనూ స్వేచ్ఛ కావాలని కోరుతూ ఒక విజ్ఞాపన ఇచ్చాడు. పార్టీ ఒప్పుకోలేదు. 1946 జనవరి 7న ఆ నలుగురూ డెమోక్రాట్ పార్టీ పెట్టారు.

ఆ ఏడాది జరిగిన ఎన్నికల్లో ఓటు అందరి ముందూ వెయ్యాలి, లెక్కింపు మాత్రం తలుపులేసుకుని జరిగేది. అలాంటి ఎన్నికల్లో ఫలితం ఎవరికీ నమ్మకం కలిగించలేదు. 1950 మే 14న పద్ధతి మారింది. ఓటు రహస్యం, లెక్కింపు బహిరంగం. చాలించండి అన్నట్టు అరచెయ్యి ఎత్తిన బొమ్మతో డెమోక్రాట్లు ప్రచారం చేశారు. 27 ఏళ్ల ఏకపార్టీ పాలన ఒక్క రోజులో పోయింది. అధ్యక్షుడు ఇస్మత్ ఇనొను ఓటమిని ఒప్పుకుని దిగిపోయాడు. బయార్ అధ్యక్షుడు, మెండెరెస్ ప్రధానమంత్రి అయ్యారు.

ఆ గెలుపులోనే ఒక చిక్కు ఉంది. డెమోక్రాట్లకు వచ్చినవి సగానికి కాస్త ఎక్కువ ఓట్లు, కానీ 487 సీట్లలో 400 పైగా వాళ్లకే వచ్చాయి. దాదాపు 40 శాతం ఓట్లు తెచ్చుకున్న పాత పార్టీకి 70 లోపే మిగిలాయి. జిల్లాలో ఎవరికి ఎక్కువ ఓట్లు వస్తే ఆ జిల్లా సీట్లన్నీ వాళ్లకే అనే పద్ధతి అది. చట్టాలను పరిశీలించే రాజ్యాంగ న్యాయస్థానం లేదు, పార్లమెంటుకి రెండో సభ లేదు. సభలో మెజారిటీ ఉన్నవాడు ఏం చేసినా ఆపే దిక్కు లేదన్నమాట.

అజాన్ తిరిగి వచ్చిన రోజు

టర్కీలో 1932 నుంచి అజాన్ అరబీలో ఇవ్వనిచ్చేవారు కాదు, టర్కిష్‌లోనే ఇవ్వాలి. 1941లో దానికి జైలుశిక్ష కూడా చేర్చారు. మెండెరెస్ ప్రభుత్వం వచ్చిన నెలకే, 1950 జూన్ 16న, ఆ శిక్షను తీసేస్తూ పార్లమెంటు చట్టం చేసింది. మర్నాడే రంజాన్ మొదలు. 18 ఏళ్ల తర్వాత మినార్ల మీద నుంచి అరబీ అజాన్ విని జనం రోడ్ల మీదే నిలబడి ఏడ్చారని టర్కీలో ఇప్పటికీ చెప్పుకుంటారు. ప్రతిపక్షం కూడా ఆ చట్టానికి అడ్డు చెప్పలేదు. ఆ తర్వాత రేడియోలో ఖురాన్ పారాయణం మొదలైంది. 1951లో ఇమామ్‌లను తయారుచేసే ఇమామ్ హతీప్ స్కూళ్లు తెరిచారు. అదే ఏడాది అతాతుర్క్ విగ్రహాల మీద దాడులు జరిగితే, ఆయన్ని అవమానించేవాళ్లకు శిక్ష వేసే చట్టం తెచ్చిందీ మెండెరెస్ ప్రభుత్వమే.

హైదరాబాద్‌కు కూడా ఆ కాలంతో ఒక సంబంధం ఉంది. నిజాం పెద్ద కోడలు దుర్రుషెహ్వార్, ఆఖరి ఖలీఫా రెండో అబ్దుల్ మజీద్ కూతురు. ఉస్మానీ వంశాన్ని 1924లోనే దేశం నుంచి వెళ్లగొట్టారు. ఆ వంశపు ఆడవాళ్లు తిరిగి టర్కీకి రావచ్చని 1952లో మెండెరెస్ హయాంలోనే చట్టం అయ్యింది. మగవాళ్లు 1974 దాకా ఆగాల్సి వచ్చింది. 1944లో పారిస్‌లో కన్నుమూసిన ఖలీఫాకు మాత్రం టర్కీ మట్టి దక్కలేదు. పదేళ్ల తర్వాత, 1954లో, మదీనాలో ఖననం చేశారు.

ఊళ్లలో మెండెరెస్‌కి పేరు తెచ్చింది అజాన్ ఒక్కటే అనుకుంటే పొరపాటు. అమెరికా సాయంతో ట్రాక్టర్లు వచ్చాయి. 1948లో రెండు వేల లోపున్నవి, కొన్నేళ్లలోనే 40 వేలు దాటాయి. రోడ్లు పడ్డాయి, పంటకు మంచి ధర వచ్చింది. అంతకుముందు రైతు అంకారాలో ఎవరికీ కనపడేవాడు కాదు. కొరియాకి సైన్యాన్ని పంపి, 1952లో టర్కీ నాటోలో చేరింది. 1954 ఎన్నికల్లో డెమోక్రాట్ల ఓట్లు ఇంకా పెరిగాయి.

గెలుపు తలకెక్కింది

అప్పటికే చేదు మొదలైంది. 1953 చివర్లో ప్రతిపక్ష పార్టీ ఆస్తులను చట్టం చేసి ప్రభుత్వం లాక్కుంది. 1954లో కిర్‌షెహిర్ జిల్లా ప్రజలు ప్రతిపక్ష నాయకుడు ఉస్మాన్ బొలుక్‌బాషిని గెలిపిస్తే, ఆ జిల్లానే రద్దు చేసి తాలూకా స్థాయికి దించేశారు. ఓటు వేసినందుకు ఊరికే శిక్ష అన్నమాట! మూడేళ్లకు గానీ దాన్ని మళ్లీ జిల్లా చేయలేదు. పత్రికల మీద చట్టాలు బిగించి, విలేకరులను జైళ్లకు పంపారు.

అన్నిటికంటే పెద్ద మచ్చ 1955 సెప్టెంబర్ 6, 7 తేదీల్లో పడింది. సైప్రస్ గొడవ ముదిరిన రోజులవి. గ్రీస్‌లోని సెలానిక్‌లో అతాతుర్క్ పుట్టిన ఇంటి దగ్గర బాంబు పేలిందన్న వార్త ఇస్తాంబుల్‌కు చేరింది. గుంపులు గ్రీకుల మీద పడ్డాయి. దుకాణాలు, ఇళ్లు, చర్చిలు, స్కూళ్లు, చివరికి సమాధులు కూడా ధ్వంసం చేశారు. అర్మేనియన్లను, యూదులను కూడా వదల్లేదు. పోలీసులు గంటల తరబడి చూస్తూ ఉండిపోయారు. ప్రభుత్వం మార్షల్ లా పెట్టి, నేరం కమ్యూనిస్టుల మీదికి తోసింది. అప్పటికి ఇస్తాంబుల్‌లో లక్ష దాకా ఉన్న గ్రీకులు ఆ తర్వాత ఏళ్లలో వెళ్లిపోతూ వచ్చారు. ఇప్పుడు మిగిలింది కొన్ని వేలే. మసీదు మీద అజాన్ తిరిగి తెచ్చిన ప్రభుత్వమే, పక్క వీధిలో చర్చికి కాపలా కాయలేకపోయింది. అక్లియత్‌గా బతికే ఏ కుటుంబానికైనా ఆ రెండు రాత్రులు ఎలా గడిచి ఉంటాయో వేరే చెప్పక్కర్లేదు.

వానలు పడలేదు, పంటలు పోయాయి, అప్పులు పెరిగాయి. 1958లో డాలర్ 2.80 లీరాల నుంచి 9 లీరాలకు పోయింది. ఇస్తాంబుల్‌లో పెద్ద రోడ్ల కోసం పాత ఇళ్లతో పాటు కొన్ని పాత మసీదులు కూడా కూల్చేశారు. 1957 ఎన్నికల్లో డెమోక్రాట్లకు సగం ఓట్లు రాలేదు, అయినా సీట్ల లెక్కతో అధికారం నిలిచింది. జనం మెల్లగా లెక్క అడగడం మొదలుపెట్టారనడానికి అదే గుర్తు.

1959 ఫిబ్రవరిలో సైప్రస్ ఒప్పందం కోసం లండన్ వెళ్తుండగా ఆయన విమానం గాట్విక్ దగ్గర కూలింది. 14 మంది పోయారు, మెండెరెస్ బతికాడు. తిరిగి వచ్చినప్పుడు జనం పొట్టేళ్లను ఖుర్బానీ ఇచ్చి స్వాగతం చెప్పారు. అంకారా రైల్వే స్టేషన్‌కి ఇనొను కూడా వచ్చాడు. ఆ స్నేహం ఎక్కువ రోజులు నిలవలేదు.

1960 ఏప్రిల్‌లో ప్రతిపక్షం మీద, పత్రికల మీద విచారణకు 15 మంది సొంత ఎంపీలతో ఒక కమిషన్ వేశారు. దానికి ప్రాసిక్యూటర్ల అధికారాలు, పత్రికలు ఆపే అధికారం ఇచ్చారు. అంటే అధికార పార్టీ వాళ్లే ఫిర్యాదుదారులు, విచారణ చేసేదీ వాళ్లే. విద్యార్థులు వీధుల్లోకి వచ్చారు. ఇస్తాంబుల్‌లో కాల్పుల్లో ఒక విద్యార్థి చనిపోయాడు. మళ్లీ మార్షల్ లా.

ద్వీపంలో కోర్టు

1960 మే 27 తెల్లవారుజామున సైన్యం అధికారం లాక్కుంది. 38 మంది అధికారులతో జాతీయ ఐక్యతా కమిటీ, దాని పైన జనరల్ జమాల్ గుర్సెల్. ఎస్కీషెహిర్ పర్యటనలో ఉన్న మెండెరెస్‌ని కుతాహ్యాలో పట్టుకున్నారు. ఇస్తాంబుల్ దగ్గర సముద్రంలో ఉన్న యాస్సీఅదా అనే చిన్న ద్వీపంలో 1960 అక్టోబర్ 14న విచారణ మొదలైంది.

ఆ కోర్టు తిరుగుబాటు తర్వాత పుట్టింది. జడ్జీలను ఎంచుకున్నది తిరుగుబాటు చేసినవాళ్లే. తీర్పు మీద అప్పీలు లేదు. దాదాపు 600 మంది ముద్దాయిలు. మొదటి కేసుల్లో ఒకటి, అఫ్ఘాన్ రాజు బయార్‌కి కానుకగా ఇచ్చిన కుక్కను జంతుశాలకు అమ్మారని. మరొకటి, వివాహేతర సంబంధంలో పుట్టిన పసికందును మెండెరెస్ చంపించాడని. అందులో నిర్దోషిగా తేలాడు, కానీ అప్పటికే ఆ సంగతి రేడియోలో దేశమంతా విన్నది. ప్రతిరోజూ రేడియోలో విచారణ వినిపించేవారు. 1955 దాడుల కేసు కూడా అక్కడే నడిచింది. మెండెరెస్‌ని దోషి అన్నారు. అయితే కుక్క కేసు, బిడ్డ కేసు విన్న కోర్టు చెప్పిన మాట కావడంతో దాన్ని నమ్మనివాళ్లు నమ్మనే లేదు. ఇళ్లు, దుకాణాలు పోయిన గ్రీకులకు అసలైన ఇన్సాఫ్ ఆ విధంగా కూడా దొరకలేదు.

1961 సెప్టెంబర్ 15న తీర్పు వచ్చింది. రాజ్యాంగాన్ని ఉల్లంఘించారని 15 మందికి మరణశిక్ష. అందులో ముగ్గురివే సైనిక కమిటీ ఖాయం చేసింది. బయార్‌ని వయసు చూసి వదిలారు. విదేశాంగ మంత్రి ఫాతిన్ రుష్తు జోర్లుని, ఆర్థిక మంత్రి హసన్ పోలాత్కాన్‌ని 16న ఇమ్రాలీ ద్వీపంలో ఉరి తీశారు. మెండెరెస్ నిద్రమాత్రలు మింగి చావు అంచుకు వెళ్లాడు. డాక్టర్లు కష్టపడి బతికించారు. ఆరోగ్యం బాగుందని సర్టిఫికెట్ రాశారు. 17న ఉరి తీశారు. ఉరి వద్దని అమెరికా అధ్యక్షుడు కెనడీ, బ్రిటన్ రాణి ఎలిజబెత్ కోరారు. జీవితమంతా ప్రత్యర్థిగా ఉన్న ఇనొను కూడా గుర్సెల్‌కి లేఖ రాశాడు. వినలేదు.

ఉరి తర్వాత ఓటు

నెల తిరగకముందే, అక్టోబర్ 15న, ఎన్నికలు జరిగాయి. డెమోక్రాట్ పార్టీని రద్దు చేసేశారు గానీ దాని ఓటర్లను ఎవరు రద్దు చేస్తారు? ఆ ఓట్ల కోసం పుట్టిన కొత్త పార్టీలకు కలిపి చూస్తే ఇనొను పార్టీ కంటే ఎక్కువ వచ్చాయి. 1965లో సులేమాన్ డెమిరెల్ నాయకత్వంలోని జస్టిస్ పార్టీ సగానికి పైగా ఓట్లతో గెలిచింది.

చిత్రం ఏంటంటే, మెండెరెస్ కాలంలో లేని రాజ్యాంగ న్యాయస్థానం, రెండో సభ 1961 రాజ్యాంగంతో వచ్చాయి. అవి పదేళ్ల ముందే ఉండి ఉంటే కిర్‌షెహిర్ చట్టం, కమిషన్ చట్టం అక్కడే ఆగి ఉండేవేమో. కానీ వాటితో పాటు ఇంకో అలవాటూ వచ్చింది. 1971లో, 1980లో సైన్యం మళ్లీ వచ్చింది. మే 27ను దాదాపు ఇరవై ఏళ్లు జాతీయ సెలవుగా జరిపారు. సగం దేశానికి పండగ, సగం దేశానికి మాతం.

ఆయన ఇంటికి కూడా కష్టాలు ఆగలేదు. ముగ్గురు కొడుకుల్లో పెద్దవాడు యుక్సెల్ 1972లో ఆత్మహత్య చేసుకున్నాడు. రెండోవాడు ముత్లు 1978లో రోడ్డు ప్రమాదంలో పోయాడు. మూడోవాడు అయ్‌దిన్ 1996లో ప్రమాదం తర్వాత చక్రాల కుర్చీకే పరిమితమై, 2011లో కన్నుమూశాడు.

1990లో పార్లమెంటు చట్టం చేసి ముగ్గురికీ పరువు తిరిగి ఇచ్చింది. ఉరి తీసిన అదే సెప్టెంబర్ 17న వాళ్ల అవశేషాలను ఇమ్రాలీ నుంచి ఇస్తాంబుల్‌కు తెచ్చి, ప్రభుత్వ లాంఛనాలతో మళ్లీ ఖననం చేశారు. మెండెరెస్ తవ్వించిన రోడ్డు పక్కనే ఆ మక్బరా. విచారణ జరిగిన ద్వీపానికి ప్రజాస్వామ్య, స్వేచ్ఛల ద్వీపం అని పేరు మార్చి, 2020 మే 27న తెరిచారు. ఆ జూన్‌లోనే పార్లమెంటు యాస్సీఅదా కోర్టుకు పునాది అయిన చట్టాన్ని మొదటి నుంచీ చెల్లదని తీసేసింది.

అన్యాయంగా నడిచిన కోర్టు తీర్పు పోవడం సబబే. దాంతో పాటు ఆ కోర్టు విన్న 1955 కేసు కూడా కొట్టుకుపోయింది. న్యాయంగా నడిచే మరో కోర్టు ఆ కేసు వినలేదు. మెండెరెస్‌ని 1961లోనో ఆ తర్వాతో ఓటుతో దించి ఉంటే, ఆయన పార్లమెంటులో నిలబడి కిర్‌షెహిర్ గురించి, విలేకరుల గురించి, ఆ రెండు రాత్రుల గురించి జవాబు చెప్పుకోవాల్సి వచ్చేది. ఉరి ఆయన్ని ఆ ప్రశ్నల నుంచి తప్పించింది. ఇమ్రాలీ నుంచి మూడు శవపేటికలు వచ్చాయి, ఆ జవాబులు మాత్రం రాలేదు.