మన ఇంటిపేర్ల కథలు రాసిన హైమన్‌డార్ఫ్

మన హాస్టల్ హాజరు రిజిస్టర్ ఒక్కసారి తీసి చూడండి. మెస్రం, ఆత్రం, కుమ్ర, మడావి, పెందూర్, సిడాం, కనక అని వరుసగా ఉంటయి. ఇవి ఉత్త పేర్లు కావు. ఒక్కొక్క ఇంటిపేరుకు ఒక దేవుడు, ఒక సగా, ఒక కథ ఉన్నది. నాలుగు, ఐదు, ఆరు, ఏడు దేవుళ్ళ సగాలుగా మన పెద్దలు విడిపోయిండ్రు. ఒకే సగావాళ్ళు అన్నదమ్ముల లెక్క, వాళ్ళ మధ్య పెండ్లి కుదరదు. ఈ చరిత్ర కాగితం మీద లేకుండె. పర్ధాన్లు కిక్రి వాయిస్తూ పెర్సాపేన్ పూజల్లో పాడితేనే అందరికీ తెలిసేది. దాన్ని మన ఊర్లలో కూర్చొని, విని, పుస్తకాలుగా రాసిన గొప్ప వ్యక్తి క్రిస్టఫ్ వాన్ ఫ్యూరర్ హైమన్‌డార్ఫ్. ఆయన జీవితం గురించి తెలుసుకుందాం.

హైమన్‌డార్ఫ్ 1909 జూన్ 22న ఆస్ట్రియా దేశంలోని వియన్నా నగరంలో జన్మించారు. అక్కడి విశ్వవిద్యాలయంలో మానవ శాస్త్రం చదివి 1931లో డాక్టరేట్ పొందారు. తర్వాత లండన్‌లో చదివారు. 1936లో ఈశాన్య భారతంలోని నాగా కొండలకు వచ్చి కొన్యాక్ నాగాల మధ్య ఉన్నారు. 1938లో ఎలిజబెత్‌ను వివాహం చేసుకున్నారు. ఆమెను అందరూ బెట్టీ అని పిలిచేవారు. ఆయన రాసిన పుస్తకాలలో ఆమె కష్టం చాలా ఉంది.

1939లో రెండవ ప్రపంచ యుద్ధం మొదలైనప్పుడు ఈ దంపతులు మన దేశంలోనే ఉన్నారు. ఆస్ట్రియాను అప్పటికే జర్మనీ కలుపుకున్నది. కాబట్టి ఆయన చేతిలో జర్మనీ పాస్‌పోర్టు ఉండె. బ్రిటిషువాళ్ళ లెక్కన ఆయన శత్రుదేశస్థుడు. నిజాం రాజ్యం దాటి పోకూడదని ఆంక్ష పెట్టిండ్రు. వేరేవాళ్ళయితే ఇంట్లో కూర్చొని దిగులుపడేవారు. ఆయన మాత్రం అడవుల బాట పట్టారు. మొదట నల్లమలలో చెంచులను, తర్వాత గోదావరి ఒడ్డు కొండరెడ్లను కలిసి వాళ్ళ జీవితాలను రాశారు. ఆ తర్వాత మన ఆదిలాబాద్ జిల్లాకు వచ్చారు.

అప్పటికి మన దగ్గర పరిస్థితి ఎట్లుండెనో తెలుసుకోవాలి. 1940లో జోడేఘాట్‌లో కుమ్రం భీము అమరుడైండు. అంతకుముందు నుండే అడవులను రిజర్వు చేసి ఊర్లకు ఊర్లు ఖాళీ చేయించిండ్రు. తాత ముత్తాతల నుండి దున్నుకుంటున్నా గోండుల చేతిలో పట్టా లేకుండె. శివాయి జమాబందీ కింద ఏటేటా పన్ను కట్టేటోళ్ళు. పన్ను కట్టినా భూమి మీద హక్కు లేదు. బయట నుండి వచ్చినవాళ్ళు కచ్చేరిలో కాగితం చేయించుకుంటే చాలు, దున్నేటోడు ఆ భూమి మీదనే కూలి అయ్యేవాడు. ఈ తిరుగుబాటు ఎందుకు వచ్చిందో తెలుసుకోవాలని నిజాం సర్కారు అనుకున్నది. ఆ పని హైమన్‌డార్ఫ్‌కు అప్పగించింది.

ఆయన బంగళాలో కూర్చొని రిపోర్టు రాయలేదు. మార్లవాయి గ్రామంలో గుడిసె వేసుకొని బెట్టీతో పాటు ఉన్నారు. ఈ ఊరు ఇప్పుడు జైనూర్ మండలంలో, 2016లో ఏర్పడిన కుమ్రం భీం ఆసిఫాబాద్ జిల్లాలో ఉంది. ఊరి పటేల్ లచ్చు పటేల్ ఆయనకు ఆసరాగా నిలిచారు. ఆయన గోండి నేర్చుకున్నారు. ఏ ఇల్లు ఏ ఇంటిపేరుది, ఏ సగాలోకి వస్తుంది, తండ్రి ఎవరు, తాత ఎవరు, ఏ ఊరి నుండి వచ్చిండ్రు, పెండ్లి ఎవరితో అయింది అని అడిగి వంశవృక్షాలు రాసుకున్నారు. పర్ధాన్ల నోటి నుండి పురాణాలు విని రాశారు. ఫోటోలు తీశారు. ఇట్ల తయారైన రాజ్‌గోండుల గ్రంథం 1948లో అచ్చయింది.

ఇది పుస్తకంతో ఆగిపోలేదు. ఆయన మాట మీద సర్కారు గిరిజనులకు లావుణి పట్టాలు ఇచ్చింది. 1940లలో సుమారు 11 వేల కుటుంబాలకు దాదాపు 1,60,000 ఎకరాల భూమి దక్కింది. మార్లవాయిలో గోండు యువకులకు పంతుళ్ళ శిక్షణ కేంద్రం పెట్టించారు. గోండి భాషలో వాచకాలు దేవనాగరి లిపిలో తయారైనయి. గోండు పంతులే గోండు పిల్లలకు చదువు చెప్పిండు. కేస్లాపూర్ నాగోబా జాతరలో అధికారులు వచ్చి గిరిజనుల గోస వినే దర్బారు కూడా ఆయన చలువే. ఆ జాతర మెస్రం వంశీయులది అని మనందరికీ తెలుసు.

తర్వాత ఆయన లండన్ వెళ్ళి ప్రొఫెసర్‌గా పనిచేశారు. నేపాల్‌లో షెర్పాల గురించి కూడా రాశారు. అయినా మనల్ని మరువలేదు. 1970లలో తిరిగి వచ్చి చూస్తే తాను ఇప్పించిన భూములు చాలావరకు పరుల చేతుల్లోకి పోయినయి. గిరిజన భూమి గిరిజనేతరులకు బదిలీ కాకూడదని 1970లో 1/70 చట్టం వచ్చినా అమలు సరిగా లేదు. ఈ బాధనంతా ఆయన 1982లో వెలువడిన పుస్తకంలో దాచకుండా రాశారు.

బెట్టీ 1987 జనవరి 11న హైదరాబాద్‌లో మరణించారు. ఆమెను మార్లవాయిలోనే సమాధి చేశారు. హైమన్‌డార్ఫ్ 1995 జూన్ 11న లండన్‌లో కన్నుమూశారు. 2012లో ఆయన కొడుకు చితాభస్మాన్ని తెచ్చి మార్లవాయిలో తల్లి పక్కనే ఉంచారు. ఏటా జనవరి 11న ఊరంతా అక్కడ చేరి వాళ్ళను తలుచుకుంటది.

ఇంటిపేరు కథ మన ఒక్కరిదే కాదు. అమెరికాలో నవాహో అనే ఆదివాసులు ఉన్నారు. వాళ్ళు తమ పరిచయం చెప్పుకునేటప్పుడు తల్లి వంశం, తండ్రి వంశం, తల్లి తండ్రి వంశం, తండ్రి తండ్రి వంశం అని నాలుగు చెప్తారు. 1864లో సైన్యం వాళ్ళను సొంత నేల నుండి వందల మైళ్ళు నడిపించి తరిమింది. 1868లో ఒప్పందం చేసుకొని తిరిగి వచ్చిండ్రు. సర్కారు వాళ్ళు రాసిన జాబితాల్లో పేర్లు మారిపోయినా, నోటిమాటగా వచ్చిన వంశాలు మాత్రం వాళ్ళు మరువలేదు. ఇప్పుడు వాళ్ళ పిల్లలు పెద్దల మాటను, పాత జాబితాలను పక్కపక్కన పెట్టి కుటుంబ చరిత్ర వెతుకుతున్నారు.

మనకు కూడా రెండూ కావాలె. కాగితం లేక మన తాతలు భూమి పోగొట్టుకున్నరు. ఇగ కాగితం మాత్రమే ఉండి కథ మరిచిపోతే, సర్టిఫికెట్ మీద ఇంటిపేరు ఉంటది గాని అదేందో మనకే తెల్వకుండా పోతది. కిక్రి వాయించే పర్ధాన్లు తగ్గుతున్నరు. కాబట్టి మిత్రులారా, దసరా సెలవులకు ఇంటికి పోయినప్పుడు ఒక నోటుబుక్కు పట్టుకపోండ్రి. మన సగా ఏది, పెర్సాపేన్ ఎక్కడ ఉన్నది, ఏ ఊరి నుండి వచ్చినం, మనకు పర్ధాన్ ఎవరు, ముత్తాత పేరు ఏంది అని అవ్వను, తాతను అడుగుండ్రి. వాళ్ళు గోండిలో చెప్తే గోండిలోనే రాయండి. భూమి కాగితం ఉంటే దాని మీద ఎవరి పేరు ఉన్నదో, ఏ సంవత్సరంలో ఇచ్చిండ్రో కూడా రాసుకోండి. వచ్చినంక అవన్నీ ఈ గోడ పత్రికలో పెట్టుకుందాం. వార్డెన్ సార్లు కూడా దీనికి ఒక పెద్ద రిజిస్టర్ ఇప్పించాలని మనవి.

దూరదేశం నుండి వచ్చి మన ముత్తాతల పేర్లు రాసిన ఆ దంపతులకు మనందరి జోహార్లు. జై సేవా!